చెరువులో నీళ్లుంటే రాడార్ బొమ్మలో తెల్లగా ఎందుకుంది?

శింగనమల ఆయకట్టు:
చెరువు కింద మాకు రెండెకరాల మడి ఉంది. వానాకాలంలో మామూలు ఉపగ్రహ బొమ్మ తెరిస్తే మబ్బు తప్ప ఏమీ కనపడదు. అందుకని మబ్బును దాటి చూసే సెంటినెల్-1 ఉపగ్రహం రాడార్ బొమ్మలు, ఉచితంగా దొరికేవి, చూస్తున్నా. కట్ట దగ్గర నీళ్లు నల్లగా, సరిగ్గానే ఉన్నాయి. ఎగువన కంపచెట్లు పెరిగిన చోట మాత్రం తెల్లగా మెరుస్తోంది. అక్కడ మోకాళ్ల లోతు నీళ్లున్నాయి, మొన్ననే దిగి ఎనుమును తోలుకొచ్చా! పామిడి దగ్గర పెన్నలో ఎండిన ఇసుకేమో నీళ్లలాగా నల్లగా ఉంది. మా నాయనకు చూపిస్తే, "నీ ఉపగ్రహం కంటే ఎనుము నయం" అన్నాడు.

కడప భూగోళం మాస్టరు:
ఉపగ్రహం తప్పు చెప్పలేదు నాయనా. రాడార్ తరంగం ఏటవాలుగా వస్తుంది. నున్నటి నీటికి తగిలితే అవతలికి జారిపోతుంది, తిరిగి రాదు. అందుకే నలుపు. ఎండిన నున్నటి ఇసుకదీ దాదాపు అదే కథ. చెట్ల మధ్య నీళ్లుంటే వేరు. క్యారమ్ బోర్డు మూలలో కాయ రెండు అంచులకు తగిలి వచ్చిన వైపే తిరిగొస్తుందే, అట్లా నీటికీ మొద్దుకీ తగిలి వెనక్కొస్తుంది. అమెజాన్‌లో ఏటా అడవి మునుగుతుంది. 1990ల్లో జపాన్ వాళ్ల రాడార్ ఉపగ్రహం జెర్స్-1 ఆ ముంపును ఈ మెరుపుతోనే పట్టింది. దాని తరంగం పొడవు సుమారు 23 సెంటీమీటర్లు, ఆకులను దాటిపోతుంది. సెంటినెల్‌ది ఐదున్నరే, దట్టమైన అడవిలో పైఆకుల దగ్గరే ఆగిపోతుంది. మీ కంపకు ఆకు పలచన కాబట్టి దూరింది.

కర్నూలు నుంచి:
అన్నా, గాలి గట్టిగా వీచిన రోజు చూడకు. అలలు లేచి నీళ్లు కూడా తెల్లబడతాయి. ఎండాకాలం బొమ్మ పక్కన పెట్టి పోల్చు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి పోయిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నైసార్‌లో 24 సెంటీమీటర్ల తరంగం ఉంది, దాని బొమ్మలూ చూడు.

శింగనమల ఆయకట్టు:
మే నెల బొమ్మ తీశాను సార్. కంప ఉన్న చోట బూడిద రంగే, మెరుపు లేదు. పెన్న ఇసుక అప్పుడూ నలుపే, ఇప్పుడూ నలుపే. నాయనకు చెబితే, "ఎంత లోతుందో చెబుతుందా?" అన్నాడు. చెప్పదన్నాను. "అయితే కర్ర పట్టుకొని దిగు" అన్నాడు.