పెద్దల కథలు అమ్ముతున్నానని పేమెంట్ ఖాతా మూసేశారు, ఇప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. డాలస్‌లో ఉంటాను. మారుపేరుతో ఇంగ్లిష్‌లో శృంగార నవలలు రాసి, సొంత వెబ్‌సైట్‌లో ఈ-బుక్స్‌గా అమ్ముతున్నాను. పాత్రలన్నీ పెద్దవాళ్లే, లోపల ఒక్క బొమ్మ కూడా ఉండదు. పోయిన వారం కార్డు పేమెంట్లు చూసే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. నా వ్యాపారం వాళ్ల నిషేధిత జాబితాలో ఉందట, ఖాతా మూసేశారు. అందులో ఉన్న డబ్బు కూడా ఆపేశారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. చట్టప్రకారం నేను చేసిన తప్పేమైనా ఉందా? మామూలు పుస్తకాల షాపని చెప్పి ఇంకో పేరుతో ఖాతా తెరవమని ఫ్రెండ్ అంటోంది. తెరవొచ్చా?

జవాబు:
ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. వద్దండి, దయచేసి ఆ పని చేయకండి. అమ్మేది ఒకటి, చెప్పింది ఒకటి అని తేలితే ఖాతా పోవడంతో ఆగదు. కార్డు ఖాతాలు రద్దయిన వ్యాపారుల కోసం మాస్టర్‌కార్డ్ నడిపే మ్యాచ్ అనే జాబితా ఉంది. అందులోకి ఎక్కితే పేరు ఐదేళ్లు ఉంటుంది. కొత్త ఖాతా ఇచ్చే ముందు బ్యాంకులు అదే చూస్తాయి. వ్యాపారం పేరుతో పాటు యజమాని పేరు కూడా అందులో ఉంటుంది కాబట్టి, షాపు పేరు మార్చినా తప్పించుకోలేరు. ఇప్పుడు మిమ్మల్ని ఆ జాబితాలో పెట్టారో లేదో, పెడితే ఏ కారణం కింద పెట్టారో మెయిల్ రాసి అడగండి. ఫోన్‌లో వద్దు, రాతపూర్వకంగానే.

ఇక చట్టం. పెద్దవాళ్ల మధ్య జరిగే కథ, అదీ మాటలతోనే ఉన్నది, అమెరికాలో రాసి అమ్మినంత మాత్రాన నేరం కాదు. అయితే మీకు వద్దని చెప్పింది ప్రభుత్వం కాదు, ఒక ప్రైవేటు కంపెనీ. ఎవరితో వ్యాపారం చేయాలో అది తన ఒప్పందంలోనే రాసుకుంటుంది. ఉదాహరణకు స్ట్రైప్ అనే పేమెంట్ కంపెనీ నిషేధిత జాబితా చదవండి. లైంగిక తృప్తి కోసం తయారైన ఫొటోలు, వీడియోలతో పాటు సాహిత్యం అన్న మాట కూడా అందులో స్పష్టంగా ఉంది. అక్కడ "నా పుస్తకంలో బొమ్మలు లేవు" అని వాదించి లాభం లేదు.

నాకు బాధ కలిగించేది ఇదే. 2021 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చిన మాస్టర్‌కార్డ్ నియమాలు ఫొటోల్లో, వీడియోల్లో కనిపించే మనుషుల వయసు, సమ్మతి నిర్ధారించమంటాయి. అది న్యాయమే, నిజమైన మనుషులకు రక్షణ కావాలి. నవలలో ఉన్నది ఊహా పాత్ర. ఆమె ఆధార్ కార్డు ఎవరు చూపిస్తారు? అయినా పేమెంట్ కంపెనీలు రిస్క్ పేరుతో రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాయి.

గట్టిగా అడిగితే ఫలితం వచ్చిన సందర్భం ఉంది. 2012 ఫిబ్రవరిలో కొన్ని రకాల శృంగార కథలు తీసేయకపోతే ఖాతా ఆపేస్తామని పేమెంట్ కంపెనీ పేపాల్, స్మాష్‌వర్డ్స్ అనే ఈ-బుక్ సంస్థను హెచ్చరించింది. రచయితలు, పాఠకులు, ఇంటర్నెట్‌లో భావస్వేచ్ఛ కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ లాంటి సంస్థలు కలిసి అభ్యంతరం చెప్పాయి. మార్చిలోనే పేపాల్ వెనక్కి తగ్గి, ఒక తరగతి పుస్తకాలన్నిటినీ కాకుండా విడివిడి పుస్తకాలనే, అదీ ముఖ్యంగా బొమ్మలున్నవాటినే చూస్తామంది. ఆ గెలుపు పూర్తిగా నిలబడలేదు. 2025 జూలైలో ఇచ్.ఐఓ అనే అమ్మకాల వెబ్‌సైట్ పేమెంట్ కంపెనీల ఒత్తిడితో పెద్దల కంటెంట్‌ను వెతికితే కనపడకుండా చేసింది. అది ఆటలు ఎక్కువగా దొరికే చోటే అయినా అక్కడ కథలు అమ్ముకునేవాళ్లూ దెబ్బతిన్నారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. మరి ఆ డబ్బు వస్తుందా? పుస్తకాలు ఎక్కడ అమ్ముకోవాలి?

జవాబు:
డబ్బు సాధారణంగా వస్తుంది, ఆలస్యంగా. కొన్నవాళ్లు రీఫండ్ అడిగితే ఇవ్వడానికని కొన్నాళ్లు, కొన్నిచోట్ల 180 రోజుల దాకా, పట్టి ఉంచుతారు. మీ ఒప్పందంలో ఎన్ని రోజులని రాసి ఉందో చూసి, విడుదల తేదీ అడగండి.

అమ్మకానికి, స్మాష్‌వర్డ్స్ ఇప్పుడు డ్రాఫ్ట్2డిజిటల్ అనే ఈ-బుక్ సంస్థ చేతిలో ఉంది, శృంగార పుస్తకాలు తీసుకుంటుంది. లోపల ఏ విషయాలున్నాయో అప్‌లోడ్ చేసేటప్పుడు నిజాయితీగా టిక్ పెట్టాలి. అమెజాన్ కూడా తీసుకుంటుంది కానీ కవర్, పేరు మరీ పచ్చిగా ఉంటే సెర్చ్‌లో దాచేస్తుంది. సొంత సైటే కావాలంటే పెద్దల కంటెంట్‌కే పేమెంట్లు చూసే సీసీబిల్ లాంటివి ఉన్నాయి, కమీషన్ ఎక్కువ. ఎక్కడికెళ్లినా చేరే ముందే, "మాటలు మాత్రమే ఉన్న శృంగార నవలలు, పాత్రలన్నీ పద్దెనిమిది నిండినవే" అని రాసి, ఒప్పుకుంటున్నట్టు మెయిల్ తెప్పించుకోండి.

మరో సభ్యురాలు, హైదరాబాద్:
ఇది చదివి ఇక్కడివాళ్లు అలాగే మొదలుపెడతారేమో, అందుకే చెబుతున్నాను. మన దేశంలో లెక్క వేరు. ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద అశ్లీలమని తేలితే మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. సాహిత్యం, కళ పేరిట మినహాయింపు ఉంది. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు నేటి సమాజ ప్రమాణాలతో, మొత్తం రచనను చూసి తేల్చాలని చెప్పింది. అయినా ముందు లాయర్‌ని కలవండి.

జవాబు:
మంచి మాట చెప్పారండి. డాలస్ మేడమ్, ఒక్క పని మాత్రం ఈ రాత్రికే చేయండి. ఆ ఖాతాలోకి ఇంకా లాగిన్ అవుతుంటే అమ్మకాల రికార్డులు, పన్ను కాగితాలు, కొన్నవాళ్ల ఈమెయిళ్లు దించి పెట్టుకోండి. డాష్‌బోర్డ్ కూడా మూసేస్తే అడిగి తెచ్చుకోవడం చాలా కష్టం.