ల్యాప్‌టాప్ బోర్డు పోయింది: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

పర్లాకిమిడి కుర్రాడు:
సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలు పర్లాకిమిడిలో ఇంటి దగ్గరే ఉండి నాలుగైదు దుకాణాలకు లెక్కలు రాస్తుంది. వాటిలో ఒకటి కొమ్ము బొమ్మల దుకాణం, మిగిలినవి బట్టలవి, కిరాణావి. ఆమె వాడే ల్యాప్‌టాప్ నేను 2018లో కొన్నది. అందులో ఐ5-7200యు ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10 ఉన్నాయి. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక అది మళ్ళీ ఆన్ కాలేదు. ఛార్జరు పెట్టగానే దాని దీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోతోంది. బోర్డులో షార్టు ఉందని, 6,500 రూపాయలకు బాగు చేసి నెల రోజుల గ్యారంటీ ఇస్తానని బజారులోని మెకానిక్ చెప్పాడు. బరంపురం సర్వీసు సెంటరు వారు విడి భాగాలు మార్చరట, బోర్డు మొత్తం మార్చాలట, దానికి 17,000 పైమాటేనట. కొత్తది 45,000 దగ్గర చూశాను, వాయిదాలపై ఇస్తామంటున్నారు. జీఎస్టీఆర్-1, అంటే నెలవారీ అమ్మకాల జీఎస్టీ రిటర్ను, దాఖలు చేయడానికి 11వ తేదీ గడువు కనుక, త్వరగా తేల్చుకోవాలి. పెద్దలు దయచేసి సలహా చెప్పండి.

బరంపురం బాబాయి:
ఇందులో తేల్చుకోవలసినదేమీ లేదు బాబూ, కొత్తది కొనండి. ఆ కాలపు ఇంటెల్ కోర్ ప్రాసెసర్ల పేర్లలో గీత తరువాత వచ్చే అంకెలలో మొదటిది ప్రాసెసరు తరాన్ని చెబుతుంది, అంటే మీది 7వ తరం. విండోస్ 11 ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం నుంచి మాత్రమే అధికారికంగా నడుస్తుంది, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సొంత ఫోటోలు దాచుకునే యంత్రమైతే నేనింత గట్టిగా చెప్పను. కానీ ఊరి దుకాణదారుల అమ్మకాలు, కొనుగోళ్ళు, పాస్‌వర్డులు అందులో ఉన్నప్పుడు అలాంటి యంత్రం మీద 6,500 పోయడం నాకు న్యాయంగా తోచడం లేదు.

మరొక మాట కూడా చెప్పాలి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నా ల్యాప్‌టాప్‌ను ఇక్కడే ఒక దుకాణంలో బాగు చేయడానికి ఇచ్చాను. తిరిగి వచ్చిన తరువాత అది ఎందుకో నత్తనడక నడుస్తోందని మా అబ్బాయి తెరిచి చూస్తే, 8 జీబీ ఉండవలసిన చోట 4 జీబీ ర్యామ్ ఉంది. అడిగితే, మొదటి నుంచీ అంతే ఉందని దబాయించారు. రసీదు మీద “ల్యాప్‌టాప్ ఒకటి” అని తప్ప మరేమీ రాయలేదు కనుక, నేను నోరు మూసుకుని రావలసి వచ్చింది.

వంశధార ఒడ్డు:
నాది గుణుపురం. పదేళ్ళకు పైగా టీవీలు బాగు చేశాను, ఇప్పుడు ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు నడుపుతున్నాను. తమ్ముడు చెప్పిన లక్షణాన్ని ఎవరూ పట్టించుకోనందున రాస్తున్నాను.

ఛార్జరు దీపం వెలిగి ఆరిపోవడం అంటే, ఎదురుగా షార్టు తగిలినందుకు ఛార్జరు తనను తాను కాపాడుకుంటోందని సాధారణంగా అర్థం. మొదట అదే వోల్టేజీ, అదే పిన్ను ఉన్న వేరొక ఛార్జరుతో ప్రయత్నించండి, ఎందుకంటే కొన్నిసార్లు పోయేది ఛార్జరే. అప్పుడూ అంతే అయితే, బోర్డు మీద 19 వోల్టులు ప్రవేశించే దారిలో ఏదో ఒకటి కాలి ఉంటుంది. మెకానిక్ మీటరును బీప్ మీద పెట్టి ఒక కొసను బోర్డు మీది గ్రౌండుకు (మైనస్ వైపుకు), మరొక కొసను ఛార్జింగ్ సాకెట్ పక్కనున్న కాయిల్‌కు తాకిస్తాడు. బీప్ ఆగకుండా మోగితే ఆ లైను షార్టు అయినట్టే. తరువాత తక్కువ వోల్టేజీ ఎక్కించి, బోర్డు మీద స్పిరిట్ రాసి చూస్తే, ముందుగా ఎక్కడ ఆరిపోతుందో అక్కడే వేడి పుడుతోందని తెలుస్తుంది. చాలాసార్లు అక్కడ ఆవగింజంత కెపాసిటరు ఒకటి దొరుకుతుంది, లేదా మాస్‌ఫెట్ అనే చిన్న స్విచ్చు లాంటి భాగం పోయి ఉంటుంది. ఆ భాగం ఖరీదు పదుల రూపాయలలోనే ఉంటుంది, మనం ఇచ్చేది దాన్ని కనిపెట్టిన చేతికి కూలి.

2018లో తిత్లీ తుపాను తరువాత మా దగ్గరికి వచ్చిన టీవీ బోర్డుల మీద, భాగాల కాళ్ళ చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉండేది. పాత బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, రెండు మూడు భాగాలు మారిస్తే వాటిలో చాలా భాగం మళ్ళీ ఇళ్ళకు వెళ్ళాయి. బోర్డు పోయిందనగానే యంత్రమే పోయిందని అనుకోవడం మనకు ఈ మధ్య అలవాటైంది.

రాయగడ రైలు:
విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే ఈ విండోస్ గొడవే ఉండదు కదా.

కొరాపుట్ కాఫీ:
లెక్కలు ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో రాస్తారు కాబోలు, అది విండోస్ కోసం చేసినది. పైగా ముందు యంత్రం ఆన్ కావాలి కదండీ.

వంశధార ఒడ్డు:
విండోస్ 10 గురించి బాబాయి గారు సగమే చెప్పారు. ఇళ్ళలో వాడుకునే వారికి మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 వరకు భద్రతా పొడిగింపు ఇచ్చింది. అదీ కాక, 7వ తరంలో కూడా కొన్ని ప్రాసెసర్లను విండోస్ 11కు అనుమతించింది.

బరంపురం బాబాయి:
“కొన్ని” అన్న మాట చాటున దాక్కోకండి. కోర్ ఎక్స్ శ్రేణిని, కొన్ని ఎంపిక చేసిన యంత్రాలలో ఉన్న ఐ7-7820హెచ్‌క్యూను అనుమతించారు. ఐ5-7200యు ఆ జాబితాలో లేదు. కుర్రాడి దగ్గర ఉన్నది 7200యు, నేను మాట్లాడుతున్నది దాని గురించే.

వంశధార ఒడ్డు:
జాబితాలో లేని యంత్రాలలో కూడా విండోస్ 11 వేసుకుని నడుపుతున్నవారు ఉన్నారు.

బరంపురం బాబాయి:
ఉన్నారు. అలా వేసుకుంటే అప్‌డేట్లు వస్తాయనే హామీ ఉండదని మైక్రోసాఫ్టే స్పష్టంగా చెప్పింది. ఇతరుల లెక్కలు రాసే అమ్మాయికి మీరు ఇచ్చే సలహా ఇదేనా?

పర్లాకిమిడి కుర్రాడు:
అయ్యా, ప్రాసెసరు సంగతి అర్థమైంది. వేరొక ఛార్జరుతో చూశాను, అదీ వెలిగి ఆరిపోయింది. అందులో ఉన్న లెక్కల సంగతి ఎవరూ చెప్పడం లేదు. బోర్డు మారిస్తే అవి పోతాయా?

మహేంద్రతనయ:
అసలు ముందుగా అడగవలసిన ప్రశ్న అదే. లెక్కలు ఉండేది బోర్డులో కాదు, హార్డ్ డిస్కులో. మీ యంత్రంలో ఉన్నది 2.5 అంగుళాల సాటా డిస్కు అయి ఉంటుంది, కనుక వెనుక మూత విప్పి దాన్ని బయటికి తీసి, కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ పెట్టెలో పెట్టి మరో కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్ళు కనిపిస్తాయి. మెకానిక్‌కు ఇచ్చే ముందే ఆ డిస్కు తీసి ఇంట్లో పెట్టుకోండి, బోర్డు బాగు చేయడానికి అతనికి దానితో పని లేదు.

ఒక చిక్కు మాత్రం ఉండవచ్చు. డిస్కుకు బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (విండోస్‌లో డిస్కుకు వేసే తాళాలు) పెట్టి ఉంటే, వేరే యంత్రానికి తగిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. బోర్డు మార్చినా అదే జరగవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యే అలవాటు ఉంటే, ఆ కీ సాధారణంగా ఆ ఖాతాలోనే దొరుకుతుంది, ఫోనులో తెరిచి ఇప్పుడే చూసుకోండి. ట్యాలీ లైసెన్సు కూడా పాత యంత్రంతో ముడిపడి ఉంటుంది కనుక, మీకు అమ్మినవారితో మాట్లాడి ఉంచండి.

జయపురం జాజి:
ఎనిమిదో తరం ప్రాసెసరు ఉన్న పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లు విశాఖలో కొత్తదాని ధరలో సగం కంటే తక్కువకే దొరుకుతాయి. నౌపడ మీదుగా రైలెక్కితే వెళ్ళి చూసుకుని రావచ్చు.

బరంపురం బాబాయి:
పాతది బాగు చేయించవద్దంటే మరొక పాతది కొనమంటున్నారు. ఎవరో వాడి వదిలేసిన బ్యాటరీ, ఎవరో తెరిచి మూసిన మూత. మెకానిక్కుల మీద, సెకండ్ హ్యాండ్ వర్తకుల మీద ఇక్కడి వారికి ఇంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కావడం లేదు. 45,000కు కొత్తది తీసుకుంటే ఏడాది వారంటీ ఉంటుంది, నెలకు నాలుగు వేల లోపు వాయిదా పడుతుంది, ఆమె సంపాదనలోనే అది తీరిపోతుంది. నెల రోజుల గ్యారంటీ మీద 6,500 పెట్టి, రెండో నెలలో మళ్ళీ ఆగిపోతే ఆ దుకాణాల వారికి ఎవరు జవాబు చెబుతారు? వంశధార గారు చెబుతారా?

వంశధార ఒడ్డు:
చెబుతాను. మొదటి నుంచీ మీరు ప్రాసెసరు పేరు మీద వాదిస్తున్నారు గానీ, మీ మాటల్లో ప్రతిసారీ చివరికి వచ్చేది వాయిదానే. బ్యాంకులో పనిచేసినవారికి అప్పు అంత తేలికగా కనబడుతుంది కాబోలు.

బరంపురం బాబాయి:
నేను బ్యాంకులో పనిచేశానని ఇక్కడ ఎక్కడా రాయలేదు. పాత చర్చల్లో చూసి గుర్తు పెట్టుకున్నారన్నమాట. సరే, చేశాను. 28 ఏళ్ళు మనుషులకు అప్పులిచ్చాను, వారిలో ఆ అప్పుతో కుట్టు మిషను కొని నిలబడినవారు ఉన్నారు. మీ అభ్యంతరం ల్యాప్‌టాప్ గురించా, అప్పు గురించా? సూటిగా చెప్పండి.

వంశధార ఒడ్డు:
అప్పు గురించే. దాచుకోవలసిన అవసరం నాకు లేదు.

మా పెద్దవాడికి కాలేజీలో చేరినప్పుడు వాయిదాల మీద కొత్త ల్యాప్‌టాప్ కొన్నాము. వడ్డీ లేదన్నారు, ప్రాసెసింగ్ ఫీజు అన్నారు, మొత్తం ఒకేసారి కడితే ఇచ్చే తగ్గింపు మాకు రాదన్నారు. వడ్డీ లేని అప్పు అనేది నిజానికి లేదని 2013లోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పిందని నాకు తరువాత తెలిసింది. ఆ యంత్రం మీద నీళ్ళు పడి, వాయిదాలు సగం కూడా తీరకముందే పోయింది. నీళ్ళు పడితే వారంటీ వర్తించదన్నారు. ఆ తరువాత కొట్టులో వ్యాపారం తగ్గి రెండు వాయిదాలు ఆగితే, వసూలు మనుషులు మా కొట్టు ముందు నిలబడి, సామాన్లు కొనడానికి వచ్చినవారు వింటుండగా నా పేరు పెట్టి పిలిచారు. పని చేయని వస్తువుకు నెల నెలా డబ్బు కట్టడం ఎలా ఉంటుందో మీ బల్లకు అవతల కూర్చున్నవారిని అడగవలసింది.

బరంపురం బాబాయి:
వసూలు మనుషులు చేసింది తప్పు, దాన్ని నేను సమర్థించను. కానీ దానికి ఈ అమ్మాయి పనిని ముడిపెట్టడం సరి కాదు. మీ అబ్బాయి ల్యాప్‌టాప్ చదువు కోసం, ఈమెది సంపాదన కోసం. సంపాదించే పనిముట్టుకు అప్పు చేయడానికీ, సంపాదన లేని వస్తువుకు అప్పు చేయడానికీ తేడా ఉంది. ఈ ఒక్క మాట నేను ఎన్నిసార్లైనా చెబుతాను.

రాయగడ రైలు:
ఇద్దరూ పెద్దవారే, కాస్త నెమ్మదించండి.

ఖాతా పుస్తకం:
నమస్కారం. ఆ లెక్కలు రాసేది నేనే. మా అన్నయ్య ఈ చర్చ మొదలుపెట్టాడని ఇవాళే తెలిసి, కొత్త ఖాతా తెరిచి రాస్తున్నాను. ఇంతమంది ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. అయితే నన్ను అడిగి ఉంటే రెండు విషయాలు ముందే చెప్పేదాన్ని.

మొదటిది, 11వ తేదీ గురించి అన్నయ్య అనవసరంగా కంగారు పడుతున్నాడు. బట్టల దుకాణం యజమాని తన కంప్యూటరును సాయంత్రాలు వాడుకోమన్నారు. శుక్రవారం నాటి ట్యాలీ బ్యాకప్ నా పెన్ డ్రైవులో ఉంది, ఆ తరువాతి బిల్లులు కాగితం మీద ఉన్నాయి. ఈ నెల రిటర్నులు అక్కడి నుంచి వేస్తాను. కాబట్టి గడువు కోసం అప్పు చేయవలసిన పని లేదు.

రెండవది ఇక్కడ ఎవరికీ తట్టలేదు. కొత్తది వాయిదాల మీద కొంటే ఆ అప్పు అన్నయ్య పేరు మీద ఉంటుంది, ఎందుకంటే నాకు జీతం రసీదు లేదు. అప్పుడు ఆ యంత్రం అన్నయ్యది అవుతుంది. పాతది కూడా అన్నయ్యదే కనుక, దాన్ని బాగు చేయించాలా వద్దా అని నన్ను అడగకుండానే ఇక్కడ చర్చ జరిగింది. బాబాయి గారు చెప్పినట్టు ఇది సంపాదన పనిముట్టే, అందుకే అది నా డబ్బుతో రావాలి. నా దగ్గర ప్రస్తుతం 14,000 ఉన్నాయి. అంతకు మించి ఖర్చయ్యే దారి ఏదీ ఇప్పుడు నాకు పనికిరాదు.

వంశధార గారూ, మీరు చెప్పిన మీటరు పరీక్షను మెకానిక్ నా ఎదుటే చేస్తానని ఒప్పుకున్నాడు. డిస్కు తీసి ఇంట్లో పెట్టాను, ర్యామ్ మీది నంబరు ఫోటో తీసి రసీదు మీద రాయించుకుంటాను. షార్టు ఆ 19 వోల్టుల లైనులో ఉంటే బాగు చేయించుకుంటాను. ప్రాసెసరు వైపు ఉంటే ఆపేయమంటాను, నాలుగైదు నెలలు పోగు చేసి జయపురం వారు చెప్పినట్టు విశాఖలో ఎనిమిదో తరం యంత్రం చూసుకుంటాను.

పర్లాకిమిడి కుర్రాడు:
డబ్బు ఇస్తానంటే వద్దంటోంది. ఇంట్లోనూ ఇదే గొడవ.

బరంపురం బాబాయి:
అమ్మాయి వివరంగా రాసింది, సంతోషం. కానీ బాగు చేయించిన తరువాత కూడా అది 7200యు గానే ఉంటుంది. 2026 అక్టోబరు 13 తరువాత ఏమిటన్నది ఎవరూ చెప్పలేదు.

మహేంద్రతనయ:
బాబాయి గారూ, అది అప్పటికి పోగు చేసిన డబ్బుతో తేలుతుంది. అమ్మా, రికవరీ కీ దొరికిందా?

ఖాతా పుస్తకం:
దొరికింది. మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే ఉంది, కాగితం మీద రాసుకున్నాను.

వంశధార ఒడ్డు:
మూత విప్పినప్పుడు బ్యాటరీ తీగను ముందు తీయమని గుర్తు చేయండి. 19 వోల్టుల లైను మీద మీటరు ఎంత చూపిందో, కాలిన భాగం ఏ వైపున దొరికిందో ఇక్కడ రాయండి తల్లీ. అతను చెబుతున్న 6,500 ఎక్కువో కాదో అప్పుడు చెబుతాను.