అప్‌డేట్: జ్యూడ్‌టోండర్న్ జిల్లా సంగతి తేలింది

మొన్న అడిగాను కదా, జర్మనీ పాత మ్యాప్‌లో డెన్మార్క్ బోర్డర్ పక్కనే జ్యూడ్‌టోండర్న్ (అంటే దక్షిణ టోండర్న్) అనే జిల్లా ఉంది, టోండర్న్ ఊరేమో డెన్మార్క్‌లో ఉంది, ఇదెలా అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

అంతా 1920 ఓటింగ్ దగ్గరే ఉంది. బోర్డర్ దగ్గరి ష్లెస్విగ్ ప్రాంతాన్ని రెండు జోన్లు చేసి, ఏ దేశంలో ఉంటారో జనాన్నే అడిగారు. ఉత్తర జోన్ మొత్తాన్ని ఒకే లెక్కగా తీసుకున్నారు, నూటికి 75 ఓట్లు డెన్మార్క్‌కి పడ్డాయి. టోండర్న్ ఊళ్లో మాత్రం నాలుగింట మూడొంతుల ఓట్లు జర్మనీకే, అయినా ఊరు డెన్మార్క్‌కి పోయింది. ఆ ఊరివాళ్లకి ఎలా ఉండుంటుందో ఊహించుకుంటేనే బాధేస్తుంది. తర్వాత దక్షిణ జోన్ జర్మనీలోనే ఉంటానంది. అలా పాత టోండర్న్ జిల్లా రెండు ముక్కలై, కింద జర్మనీలో మిగిలింది నీబుల్ ఊరు కేంద్రంగా జ్యూడ్‌టోండర్న్ అయింది. డేనిష్, ఫ్రిసియన్, లో జర్మన్ (ఉత్తర జర్మనీ పల్లెల భాష), మామూలు జర్మన్ అన్నీ మాట్లాడే పల్లెలు.

నాకు బాగా నచ్చింది జిల్ట్ దీవి సంగతి. ఆ దీవి జర్మనీలోనే మిగిలింది కానీ పడవ ఎక్కే హోయర్ రేవు డెన్మార్క్‌కి వెళ్లిపోయింది, దాంతో సొంత దేశంలోని దీవికి వెళ్లాలన్నా పరాయి దేశం మీదుగా పోవాల్సొచ్చింది, 1927లో సముద్రంలో కట్ట వేసి రైలు నడిపేదాకా ఇదే తిప్పలు.

జిల్లా 1970లో రద్దయింది. పక్క జిల్లాలు హూసుమ్, ఐడర్‌ష్టెట్‌లతో కలిపి నార్డ్‌ఫ్రీస్‌లాండ్ జిల్లా చేశారు, బండ్ల నంబర్ ప్లేట్ మీద ఎన్‌ఐబీ (నీబుల్) పోయి ఎన్‌ఎఫ్ (నార్డ్‌ఫ్రీస్‌లాండ్) వచ్చింది. నా మ్యాప్ అంతకుముందుదన్నమాట.