ట్రెపీజియంలో పక్క భుజాలు సమానంగా లేకపోతే ఎత్తు ఎట్లా కనుక్కోవాలి?

మా పాప ఎనిమిదో క్లాస్, ఉప్పల్‌లో ట్యూషన్‌కి పోతది, అక్కడిచ్చిన లెక్క ఒకటి ఎంతకీ తెగుతలేదు. ట్రెపీజియంలో సమాంతర భుజాలు 20, 6 సెం.మీ., పక్కవి 13, 15, వైశాల్యం కావాలి. ఫార్ములా తెలుసు, సమాంతర భుజాల మొత్తంలో సగం ఇంటూ ఎత్తు, కానీ ఆ ఎత్తే ఇవ్వలేదు. పక్కలు సమానమైతే 20లోంచి 6 తీసేసి మిగిలిన 14ని చెరిసగం చేసి పైథాగరస్ పెడ్తం, ఇక్కడ అట్లనే చేస్తే ఎత్తు వర్గం ఒకవైపు 120, ఇంకోవైపు 176 వస్తున్నయి, ఒకే బొమ్మకి రెండు ఎత్తులేంది! గ్రాఫ్ పేపర్ మీద గీస్తే 12 దగ్గర్ల ఉంది, కానీ స్కేలుతో కొలిచిన అంటే సార్ మార్కులెయ్యరు కదా. ఆన్సర్ 156 అని ఇచ్చిన్రు. హెరాన్ సూత్రం (మూడు భుజాల కొలతలతోనే త్రిభుజం వైశాల్యం కనుక్కునేది) వీళ్లకి ఇంకా చెప్పలేదు, అది వాడకుండా ఆ 14ని రెండు వైపులకి ఎంతెంత పంచాలో ఎట్లా తేల్చాలి?