'థింగ్' అంటే మొదట వస్తువు కాదు, సభ

ఐస్‌లాండ్ పార్లమెంటు పేరు ఆల్థింగ్ కదా, అందులోని థింగూ ఇంగ్లీషులో రోజూ వాడే థింగూ ఒకటేనా అని ఇక్కడ ఒకరు అడిగారు. ఒకటే. ఆల్థింగ్ అంటే అందరి సభ.

పాత జర్మానిక్ భాషల్లో థింగ్ అంటే జనం ఒకచోట కూడి తగవులు తీర్చుకునే సభ. ఇంగ్లీషు, ఐస్‌లాండిక్ ఆ మొదటి హల్లును నిలుపుకున్నాయి. జర్మన్‌లో అది డింగ్ అయింది, స్కాండినేవియాలో టింగ్. నార్వే పార్లమెంటు స్టోర్టింగ్, అంటే పెద్ద సభ. స్వీడన్‌లో జిల్లా కోర్టుని ఇప్పటికీ టింగ్స్‌రెట్ అనే అంటారు.

ఆల్థింగ్ 930 ప్రాంతంలో థింగ్‌వెల్లిర్ మైదానంలో మొదలైంది. అప్పటికి అక్కడ చట్టం రాతలో లేదు. న్యాయవక్త ఏటా మూడో వంతు చొప్పున మూడేళ్లలో మొత్తం చట్టాన్ని కంఠతా అప్పజెప్పేవాడు. మౌఖిక సంప్రదాయం విలువ తెలిసిన మనకి అదెంత పెద్ద పనో వేరే చెప్పక్కర్లేదు.

మరి సభ వస్తువెలా అయింది? సభ కాస్తా సభ ముందుకొచ్చిన వ్యాజ్యం అయింది, అక్కణ్ణించి ఏ విషయమైనా, చివరికి ఏ వస్తువైనా. ఇంగ్లండులో 7వ శతాబ్దం చివర కెంట్ రాజులు చేసిన చట్టంలో ఒక వాక్యం ఉంది: ఒకడు మరొకడి మీద 'సాకె' తెచ్చి, అతణ్ణి 'థింగ్'లో కలిస్తే, నిందపడ్డవాడు హామీ ఇవ్వాలి. సాకె అంటే వ్యాజ్యం. ఇంగ్లీషులో 'ఫర్ ద సేక్ ఆఫ్' అనేటప్పటి 'సేక్' దాని వారసురాలే. జర్మన్‌లో దాని చుట్టం 'జాఖె'కి నేటి అర్థం విషయం, వస్తువు. అంటే ఆ ఒక్క వాక్యంలో ఉన్న రెండు మాటలూ ఒకే దారి పట్టాయి. లాటిన్‌లో వ్యాజ్యమనే అర్థమున్న 'కౌసా' కూడా ఇటాలియన్‌లో 'కోజా', వస్తువు, అయి కూర్చుంది.

నాకు బాగా ముచ్చటేసేది మన 'సంగతి'. సంస్కృతంలో దాని అసలు అర్థం కలయిక. తెలుగులో విషయం. సంబంధం లేని భాషల్లో కలుసుకోవడం నుంచి విషయానికి ఇలా బాట పడటం చూస్తే ఆనందంగా ఉంటుంది.

మన ఇంగ్లీషు పత్రికలు ఎన్నికల ప్రచారం అనే అర్థంలో రాసే 'హస్టింగ్స్'లోనూ ఈ థింగే ఉంది. స్కాండినేవియా పాత భాష అయిన పాత నార్స్‌లో 'హూస్‌థింగ్' అంటే రాజో నాయకుడో తన ఇంటి మనుషులతో జరిపే సభ. వారెన్ హేస్టింగ్స్ ఇంటిపేరు వేరు, దానికీ దీనికీ చుట్టరికం లేదు.