చలికి ఉదయం పూట స్టార్ట్ కాని డీజిల్ కారు

ప్రశ్న:
మాది ఆదిలాబాద్. డిసెంబరు మొదలైనప్పటి నుంచి మా డీజిల్ కారు తెల్లవారుజామున తాళం తిప్పగానే టకటకమని చప్పుడు చేసి ఆగిపోతోంది, ఆ క్షణంలో డ్యాష్‌బోర్డు దీపాలు కూడా మసకబారుతున్నాయి. ఎండెక్కాక మాత్రం మామూలుగానే స్టార్ట్ అవుతోంది. అమ్మను పొద్దున్నే డయాలసిస్‌కు తీసుకువెళ్లాలి కాబట్టి ఆందోళనగా ఉంది. బ్యాటరీ మార్చాలా, స్టార్ట్ అయ్యే ముందు ఇంజిన్ లోపలి గాలిని వేడెక్కించే గ్లో ప్లగ్గులు మార్చాలా?

జవాబు 1:
దీపాలు మసకబారుతున్నాయంటే ముందు అనుమానించవలసింది బ్యాటరీనేనండి. చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, ఇంజిన్‌ను తిప్పే స్టార్టర్ మోటారుపై భారం పెరుగుతుంది. రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీకి ఉదయం వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూడండి: 12.6 వోల్టులుంటే పూర్తి చార్జి ఉన్నట్టు, 12.2 కన్నా తక్కువైతే సగం కూడా లేనట్టు. బ్యాటరీకి వైర్లు బిగించే టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే, ముందు నెగటివ్ వైరు విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి శుభ్రంగా తోమండి.

జవాబు 2:
గ్లో ప్లగ్గులు పాడైతే లక్షణం వేరుగా ఉంటుంది. ఇంజిన్ బలంగానే తిరుగుతుంది కానీ అందుకోదు. ఎలాగూ తాళం తిప్పాక డ్యాష్‌బోర్డు మీద స్ప్రింగు ఆకారంలో వెలిగే గ్లో ప్లగ్గుల దీపం ఆరేదాకా ఆగండి, ఒక్కో ప్రయత్నం పది సెకన్లు మించనీయకండి.

ప్రశ్న అడిగినవారు:
ఈ ఉదయం 11.9 చూపించింది, టెర్మినల్ క్లాంపు కూడా చేత్తో కదిపితే కదులుతోంది. నాలుగేళ్ల బ్యాటరీ కనుక మార్పించేశాను. సాయంత్రం ఒక్క తిప్పుకే అందుకుంది. రేపు ఐదు గంటలకు చూసి చెబుతాను.