ఆలిస్, హైడి: ఒక్క పేరేనా?

‘ఆలిస్ అంటే గ్రీకులో సత్యం అని పిల్లల పేర్ల సైట్లలో ఉంది, నిజమేనా?’ అని అడిగారు కదా. కాదండీ. గ్రీకు ‘అలేథియా’తో చెవికి పోలిక ఉందని ఎవరో ముడిపెట్టారు, అందరూ కాపీ కొట్టుకున్నారు. మన క్రైస్తవ కుటుంబాల్లో తరచు వినబడే ఈ ఆలిస్ అసలు జర్మానిక్ (జర్మన్, ఇంగ్లీషు భాషల కుటుంబం) పేరు, పాత రూపం అదల్‌హైదిస్. ‘అదల్’ అంటే గొప్ప వంశం. ‘హైత్’ అంటే తీరు, స్థితి. ఇంగ్లీషు చైల్డ్‌హుడ్‌లోని ‘హుడ్’ దీని చుట్టమే, మన ‘-తనం’ చేసే పనే చేస్తుంది. అచ్చంగా తెలుగు చేస్తే ‘గొప్పతనం’ అవుతుంది. ఆడపిల్లకి పెట్టుకునే పేరేం కాదనుకోండి!

ఈ పేరుకి పరపతి తెచ్చింది 931లో పుట్టిన, ఇదే పేరున్న బర్గండీ రాకుమారి. మొదటి భర్త ఇటలీ రాజు, ఆయన పోయాక ఆమెను చెరలో పెట్టారు. తప్పించుకుని జర్మనీ రాజు మొదటి ఒట్టోను పెళ్ళాడి, 962లో రోములో చక్రవర్తినిగా కిరీటం పెట్టించుకుంది. తర్వాత సెయింట్ కూడా అయింది.

ఇక అసలు తమాషా. వెంకటలక్ష్మిని ఒక ఊళ్ళో వెంకీ అని, ఇంకో ఊళ్ళో లచ్చీ అని పిలిచినట్టు, ఫ్రెంచివాళ్ళు ముందు సగాన్ని పట్టుకున్నారు, జర్మన్లు వెనక సగాన్ని. పాత ఫ్రెంచిలో అచ్చుల మధ్య ‘ద’ నిలవదు. అదెలాయిస్ కాస్తా ఆలిస్ అయింది. పాత రాతల్లో మొదట ‘A’ అక్షరం రెండుసార్లు రాసేవారు, మధ్యలో జారిపోయిన ‘ద’కి అదే ఆనవాలు. జర్మనీలో ఆడెల్‌హైట్ నుంచి హైడి మిగిలింది. 1880 నాటి స్విస్ పిల్లల నవలలో హైడి అసలు పేరు కూడా ఆడెల్‌హైటే, పట్నంలో ఇంటిపెత్తనం చేసే ఆవిడ ఆ నిండు పేరే పట్టుకు కూర్చుంటుంది. ఆలిస్‌కీ హైడికీ ఇప్పుడు ఉమ్మడిగా మిగిలింది ఒక్క ‘ఇ’కారం. అడెల్, అలీసియా, ఆలిసన్, ఉత్తర జర్మనీ ఎల్కె కూడా ఈ ఇంటివాళ్ళే.

విక్టోరియా రాణి కూతురు ఆలిస్ జర్మనీలోని హెస్ సంస్థానానికి కోడలిగా వెళ్తే, అక్కడివాళ్ళు ఆ పేరును ‘అలీసె’ అంటూ ఖూనీ చేశారట. అందుకే 1872లో పుట్టిన కూతురికి ‘అలిక్స్’ అని పెట్టింది. రష్యా ఆఖరి జారు భార్య ఆవిడే.

*

— అయితే అడిలైడ్ కూడా ఇదేనా అండీ? మన లక్ష్మణ్ 2003లో 148 కొట్టిన చోటు?

అదేనండీ. ద్రవిడ్‌తో 303 పరుగుల భాగస్వామ్యం! 1836లో ఊరు పెట్టినప్పుడు ఇంగ్లండు రాణి పేరు పెట్టారు. ఆవిడ జర్మనీలోని మైనింగెన్ ఆడపడుచు. పత్రికలు అడిలైడ్ అనే రాస్తాయి గానీ, అక్కడివాళ్ళ నోట ‘ఆడలెయిడ్’ అని వినిపిస్తుంది. నేనైతే అడిలైడ్ అనే రాస్తాను, స్కోరు వెతుక్కునేవాళ్ళకి దొరకాలి కదా.